ఎనిమిదెడ్ల కంప్యూటరు

ఆ రోజుల్లో నేను కుర్రాణ్ణి. నవ్వకండి. అరవై దాటి ఎన్నాళ్ళో కాలేదు, మోకాళ్ళు రెండూ ఇంకా నా మాట వినేవి, మీసంలో అక్కడక్కడా నలుపుండేది (అది సీసాలోంచి వచ్చిన నలుపని మా ఇంటిది అంటుంది, ఆవిడ మాటలకేం గాని). ఇప్పుడు తలుచుకుంటే అరవై ఓ వయసా అనిపిస్తుంది. ఫలానా పని నాకు రాదు అని ఒప్పుకోవడం చేతకాని వయసు, అంతే. ఆ ఊపులోనే, ఏనాడూ కంప్యూటరు మూత తీసి చూసినవాణ్ణి కాకపోయినా, మా బావకోసం ఏ ముక్కకా ముక్క ఏరి ఒక కంప్యూటరు కట్టించుకొస్తానని శ్రీకూర్మం వీధిలో పదిమంది ముందు మీసం మెలేశాను.

నా ధైర్యానికి కారణం లేకపోలేదు. నాది ఎడ్ల బేరం. శ్రీకాకుళం, విజయనగరం సంతల్లో నా తువాలు కింద చెయ్యి పెట్టని రైతు లేడు (ఉన్నారు. పెట్టినవాళ్ళే తక్కువ). తువాలెందుకో తెలియనివాళ్ళకి చెబుతాను: సంతలో ధర నోటితో చెప్పం. ఇద్దరి చేతులమీదా తువాలు కప్పి, లోపల వేళ్ళు నొక్కి చెప్పుకుంటాం, పక్కవాడికి తెలియకుండా. ఎద్దు నాలుగడుగులు వేస్తే దాని తాత ఎలా నడిచేవాడో చెప్పేవాణ్ణి. ట్రాక్టర్లొచ్చాక ఎడ్లు తగ్గాయి గాని నా నోరు తగ్గలేదు.

బావ అంటే మా అప్ప మొగుడు, మా వైపు అక్కని అప్ప అంటాం. శ్రీకాకుళంలో వీడియో గేముల కొట్టు నడిపేవాడు. వరసగా టీవీలు, వాటి కింద నల్లటి ఆటల పెట్టెలు, గంటకింతని పిల్లల దగ్గర తీసుకునేవాడు. తీసుకున్నవాడు ఊరుకోకుండా పిల్లల పక్కన కూర్చుని తనూ ఆడేవాడు. మోటారు సైకిళ్ళ పందెంలో ఆయన్ని గెలిచినవాడు జిల్లాలో లేడు, నేను తప్ప (నేను కూడా లేను). తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి కొట్టు మూతపడింది. పెట్టెలు ఒక్కొక్కటే ఉప్పుగాలికి పోయాయి. ఆఖరిది శ్రీకూర్మంలో తనింటికి తెచ్చుకుంటే అదీ పోయింది. ఆ ఏడే బావకి పక్షవాతం తగిలి ఎడమ చెయ్యి పడిపోయింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. ఆ విషయంలో దేవుడు మా అప్పకి కొంచెం అన్యాయమే చేశాడు.

డాక్టరుగారు ఓ రబ్బరు బంతిచ్చి, రోజూ ఎడమ చేత్తో పిసకమన్నారు. మొదటి నెలల్లో వేళ్ళు కదిపితే కదిపినట్టు, లేకపోతే అలాగే బిగుసుకుపోతాయని అప్పని పక్కకి పిలిచి చెప్పారు. బావ వింటేనా!

"ఓయ్, కాసేపు పిసుకు. నీకు దణ్ణమెడతాను," అనేది అప్ప.

"నానేటి సంటోడినేటే, బంతులాడుకోడానికి?" అని బావ కుడిచేత్తో దాన్ని మంచం కిందకి గిరాటేసేవాడు. ఆ బంతివల్ల బాగుపడింది వాళ్ళింటి పిల్లి ఒక్కటే. దాని నాలుగు కాళ్ళూ ఎంత చురుగ్గా తయారయ్యాయో చెప్పలేను.

ఒకనాడు అప్ప నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, "తమ్ముడూ, ఆ సెయ్యి అలగే ఎండిపోతాదేమోరా. తిడితే ఇనడు, ఏడిస్తే ఇనడు. ఆ పెట్టి బతికుంటే ఆడేవోణ్ణని రాత్రీ పగలూ అదే మాట," అని కొంగుతో కళ్ళొత్తుకుంది. మా అప్ప ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఆ పెట్టెని సంచీలో వేసుకుని విజయనగరం బస్సెక్కాను.

అక్కడ ఓ కంప్యూటర్ల కొట్టు నడిపే అమ్మాయి పెట్టె తిప్పి చూసి, "ఇది ఇంక లేవదు తాతగారూ, దీని సామాను రావట్లేదు," అంది. నా మొహం చూసి జాలేసిందో ఏమో, "కానీ కంప్యూటరు చేత ఈ పెట్టె వేషం కట్టించొచ్చు. మీ డిస్కులే అందులో వేసి ఆడుకోవచ్చు. పాత జాయ్‌స్టిక్కులు కూడా తగిలిస్తాను," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పగటివేషాలు చూడనివాణ్ణా నేను! ఇంటికొచ్చి వీధిలో మీసం మెలేసింది ఆ సాయంత్రమే. మర్నాడు అప్ప జీడితోట మీద వచ్చిన డబ్బు మూటగట్టి నా చేతిలో పెట్టింది. అది చిన్న మూటే. కొన్నది పనికిరాకపోతే రెండో మూట లేదని ఇద్దరికీ తెలుసు.

ఇక బేరం వినండి. ఆ అమ్మాయి రెండు అట్టపెట్టెలు బల్లమీద పెట్టింది. "ఇది తీసుకోండి తాతగారూ. ఇది కంప్యూటరు మెదడు, లోపల పనిచేసే కోర్లు రెండే, కానీ ఒక్కొక్కటీ గట్టిగా పరిగెడుతుంది. వేషం కట్టడమంటే అసలు పెట్టెకన్నా ఎక్కువ ఊపిరుండాలి. దానికి కావాల్సింది ఈ పరుగే."

"మరా పక్కదేటమ్మా?"

"అది ఎనిమిది కోర్లదండి. మీకొద్దు. ఈ పనికి అందులో ఒకటో రెండో తప్ప కదలవు, మిగతావి ఊరికే నిలబడుంటాయి. కదిలేవి కూడా నెమ్మదే."

"దరెంత తేడా?"

"ఇంచుమించు ఒకటేనండి."

అంతే, నాలోని బేరగాడు లేచి కూర్చున్నాడు. సంతలో మా వాళ్ళకో సూత్రం ఉంది: అమ్మేవాడు ఏ ఎద్దుని చూపించి 'మీకెందుకండీ ఇది' అంటాడో అదే మేలైన ఎద్దు, దాన్ని వేరేవాడికి మాటిచ్చి ఉంటాడు. ఒకే ధరకి రెండెడ్లిస్తానంటూ ఎనిమిదెడ్లని వెనక్కి నెడుతోందా ఈ పిల్ల! ఎవరి దగ్గర ఈ ఎత్తులు? "నాకా ఎనిమిదే కావాల," అన్నాను. కాడీ ఎడ్లూ జోడు కుదరాలి కదా, దానికి తగ్గ బోర్డు తీసింది. తెరమీద బొమ్మలు కనబడడానికి చిన్న గ్రాఫిక్స్ కార్డు చాలంది. ఇవన్నీ బిగించే పెట్టె కూడా మామూలుది చాలంది గాని, చాలన్నదల్లా నాకు అనుమానమే కనక, ముందు ఎర్రదీపాలు వెలిగేది కావాలన్నాను.

తర్వాత ధర తగ్గించడానికి అలవాటు చొప్పున భుజమ్మీది తువాలు తీశాను. తీశాక గుర్తొచ్చింది. ఆడపిల్ల చెయ్యి తువాలు కింద పట్టుకుంటే విజయనగరంలో నన్ను నిలబెట్టి తంతారు. తువాలుతో మొహం తుడుచుకున్నట్టు తుడుచుకుని మళ్ళీ భుజాన వేసుకున్నాను. అడిగిన ధరలో సగానికి సగం తెగ్గొట్టాను అని ఊళ్ళో చెప్పాను (అడిగినంతా ఇచ్చాను. తువాలు లేకపోతే నాకు బేరమాడ్డం రాదని ఆ రోజే తెలిసింది). అన్నీ బిగించి ఆడించి చూసి, "కొంచెం నెమ్మదిగా ఉంది తాతగారూ, ఇప్పుడైనా మార్చమంటారా?" అని అడిగింది పాపం. చూశారా, ఇంకా ఆ ఎనిమిదెడ్ల మీద ఆశ చావలేదు దీనికి, అనుకున్నాను.

ఆ బరువంతా నెత్తిన పెట్టుకుని బస్టాండు నుంచి నడిచి వచ్చాను (ఆటోలో వచ్చాను. వీధి మొదట దిగి నెత్తికెత్తుకున్నాను). కొత్త ఎద్దు ఇంటికొచ్చినట్టే అప్ప పసుపూ కుంకుమా పెట్టి నిమ్మకాయ తిప్పింది. టీవీకి తగిలించాం. ఎర్రదీపాలు వెలిగాయి. బావ డిస్కు వేశాం. పాట మొదలైంది. సన్నాయి ఊదేవాడికి మధ్యలో నిద్రొస్తే ఎలా ఉంటుందో అలా సాగింది. మోటారు సైకిళ్ళు బయల్దేరాయి. అంటే, బయల్దేరే ఆలోచనలో ఉన్నాయి.

బావ ఒక నిమిషం చూశాడు. "ఒరే, ఇది మోటారు సైకిళ్ళ పందెమేట్రా, మన శ్రీకూర్మం గుళ్ళో తాబేళ్ళ ఊరేగింపా?"

అప్ప నిమ్మకాయని పెట్టె చుట్టూ ఇంకోసారి తిప్పింది. రెండో మూట లేదన్న సంగతి నాకు గుచ్చుకుంది. తువాలు మొహమ్మీద కప్పుకోవడానికి ఈసారి ఏ బేరమూ అక్కర్లేకపోయింది.

"ఇలాగ తే, నీ ఎద్దుల సంగతేటో సూద్దాం," అన్నాడు బావ. నన్ను ఏడిపించడానికే అడిగాడు. అప్ప ఆయన ఒళ్ళో తలగడ పెట్టి, ఎడమ చెయ్యి దానిమీద ఆనించి, బొటనవేలు జాయ్‌స్టిక్కు మీద పెట్టింది. బండి మెల్లగా, మెల్లగా మొదటి మలుపు దగ్గరికొచ్చింది. బావ బొటనవేలు కదలడానికి చూసింది. వణికింది. ఆగింది. మళ్ళీ చూసింది. మలుపు ఎక్కడికీ పోలేదు, ఆయనకోసమే ఆగినట్టు అలాగే ఉంది. వేలు రవ్వంత పక్కకి ఒరిగింది. బండి తిరిగింది.

అప్ప తలగడ ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"తిరిగిందే," అన్నాడు బావ, అప్పకేసి చూసి.

"తిరిగినాది," అంది అప్ప.

"రెండో మలుపొస్తన్నాది, అడ్డం లెగండి!"

ఆ రోజు మొదలు ఆయన్ని టీవీ ముందునుంచి లేపడం మా వల్ల కాలేదు. అసలు పెట్టె వేగమే ఉంటే మొదటి మలుపులోనే గోడకి గుద్దుకుని, సిగ్గుపడి, ఇంక చెయ్యి ముట్టించేవాడు కాదని తర్వాత తనే చెప్పాడు. నేనూరుకుంటానా! "నానంతా ఆలోసించే కొన్నాను. పడిన సెయ్యికి నెమ్మది ఎద్దులే గావాల," అని వీధి వీధంతా చెప్పాను. డాక్టరుగారికీ చెప్పాను. ఆయన మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు నేను తీసుకున్నాను. (ఇప్పుడు వెనక్కిచ్చేస్తున్నాను. తెలిసి కొన్నది కాదు, తెలివి ఎక్కువై కొన్నది.)

పంటలు ఇంటికొచ్చే వేళకి ఒక పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళేసరికి వీధిలోకే వినబడుతోంది బావ గొంతు. "ఒరే, రారా, రా! ఏటి కొన్నావురా నువ్వు? నీ ఎద్దులు సచ్చిపోనాయేట్రా? నా ఏలు ముందెల్పోతన్నాది, బండి ఎనకుండిపోతన్నాది! మలుపొచ్చేలోగా నాను టీ తాగొచ్చెయ్యగల్ను!"

అప్ప గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. సంతల్లో నేను తిట్లు తినకపోలేదు. ఆ పూట తిన్నంత తియ్యటివి మాత్రం ఎక్కడా తినలేదు.

పంట డబ్బు చేతికొచ్చాక మళ్ళీ బయల్దేరాం, ఈసారి విజయనగరానికి బావ కూడా వచ్చాడు. బస్సులో సీటున్నా కూర్చోకుండా ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కొట్లో అమ్మాయి ఆ రెండు కోర్లది తీసి, దానికి తగ్గ బోర్డు పక్కన పెట్టింది. "మావోడు వొద్దన్నదే కొంటాడమ్మా. ఈడికి ఏదైనా అంటగట్టాలంటే వొద్దని సెప్పాల," అన్నాడు బావ. పాత జోడుని గోనెగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి అటకమీద పెట్టాం. కొత్త ఎద్దులు రెండూ ఎలా పరిగెత్తాయో చెప్పాలంటే, సన్నాయివాడికి నిద్ర వదిలింది, అంతే.

ఇప్పటికీ సాయంత్రాలు ఆడుకుంటాం. డెబ్భై దాటిన బావ రోజూ గెలుస్తాడు. పోనీ పెద్దవాడని నేనే వదిలేస్తుంటాను (వదలను. పళ్ళు బిగించి ఆడతాను). ఈమధ్య మలుపు నేను చూసేసరికే వెళ్ళిపోతోంది. నా బొటనవేలికి కబురందేసరికి బండి గోడలో ఉంటోంది. మొన్న మాటల్లో మాటగా అన్నాను: "బావా, అటకమీద ఆ ఎనిమిదెడ్లూ ఊరికే పడున్నాయి కదా..."

బావ నాకేసి, నా వేళ్ళకేసి చూశాడు. మీసం కింద నవ్వాడు. "నీకెందుకురా అవి? నెమ్మది."

అమ్మేవాడు నీకెందుకన్నాడంటే ఇంక ఆలోచించేదేముంది? వెంటనే నిచ్చెన వేసుకుని అటకెక్కాను.

(ఎక్కింది బావ. ఎడమచేత్తో అటక చెక్క పట్టుకుని, కుడిచేత్తో గోనెమూట దించాడు. నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాను.)