ఇంట్లో మాట్లాడే భాష

రెండు వేల నాలుగులో ఆత్మకూరు నుంచి వనపర్తి వెళ్తుంటే, బస్సులో నా పక్కన కూర్చున్న బురఖా ఆమె కూతురి బడి దరఖాస్తు నాకిచ్చింది.

"అంతా ఇంగ్లీషే. జర నింపక్కా."

'ఇంట్లో మాట్లాడే భాష' అన్న గడి దగ్గరికొచ్చి, ఏం రాయమంటావని అడిగాను.

"మా ఆయినతోని ఉర్దూ. అత్తది రాయచూరు, ఆమెతోని కన్నడ. పిల్లలు తెలుగే మాట్లాడుకుంటరు. మూడూ రాయి."

"ఇంగ్లీషని రాస్తేనే సీటిస్తారమ్మా."

"ఇంట్ల ఇంగ్లీషుంటే బడికెందుకు తోలుత?" అంది.

మూడూ రాసిచ్చాను.

అదే బడికి మా అబ్బాయి దరఖాస్తు నా సంచిలో ఉంది. ఆ గడిలో ఇంగ్లీషొక్కటే రాశాను. మా ఇంట్లో వినబడే ఇంగ్లీషల్లా, వాడి మీద నేను అరిచే "షటప్" ఒక్కటే.