పదకొండో కాగితం మీద ప్రశ్న గుర్తు

మా రీసెర్చి గైడు మాస్టారు పోయారని ఫోను వచ్చేసరికి, ఆయన పెన్సిలుతో దిద్ది ఇచ్చిన నా లెక్కల కాగితాలే నా చేతిలో ఉన్నాయి. పదకొండో కాగితంలో ఒక వరుస పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. ఎందుకో సాయంత్రం వెళ్ళి అడుగుదామనుకున్నాను. సాయంత్రం వెళ్ళాను గానీ అడగడానికి ఆయన లేరు.

మా ల్యాబులో మాడ్యులేటర్లు డిజైన్ చేస్తాం. ఫైబరులో వెళ్ళే వెలుగు మీద కరెంటు సంకేతాన్ని ఎక్కించే చిన్న చిప్పులవి. తక్కువ వోల్టేజీతో పని జరగాలంటే చిప్పులో దారి పొడవు పెంచాలి. పెంచితే ఆ దారి పొడుగునా వెలుగూ సంకేతమూ ఒకే వేగంతో సాగాలి. ఇది నా బుర్రకెక్కని రోజుల్లో మాస్టారు నన్ను మొదటిసారి బందరు కాలువ గట్టు మీదికి తీసుకెళ్ళారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, నాకు నడకంటే పరుగే.

"ఆగమ్మా! నాలుగడుగులైతే నీతో వస్తాను. ఆ వంతెన దాకా రాగలనా? నీ చిప్పులోనూ ఇదే గొడవ," అన్నారు.

గవర్నర్‌పేటలో ఇడ్లీ తింటున్నా ఆయన నోట అదే మాట: "ఎవరు చెప్పారని కాదమ్మా, నువ్వు చూశావా?" నిజం చెప్పొద్దూ, ఒక్కోసారి ఒళ్ళు మండేది.

శుక్రవారం నా డిజైన్ చిప్పు తయారుచేసే ఫ్యాక్టరీకి వెళ్ళాలి. వెళ్ళాక ఒక్క గీత కూడా మార్చలేం. తప్పుంటే నా మూడేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరే. అన్నం సయించలేదు. లెక్కలన్నీ మళ్ళీ చేశాను, తప్పు దొరకలేదు. ప్రశ్న గుర్తు పెట్టిన ఆ వరుసలో నేను ముట్టుకోనిది ఒక్కటే, చిప్పులో వెలుగు సాగే వేగం అంకె. అది మాస్టారి పాత నోటుబుక్కులోంచి ఎత్తి రాసుకున్నది. ఆయన అంకెను నేను సరిచూడటమేమిటని వదిలేశాను.

గురువారం భయపడుతూనే ల్యాబులో ఆ వేగం కొలిచాను. తేడా వచ్చింది. మళ్ళీ కొలిచినా అంతే. ఆ అంకె అప్పటి చిప్పుల మందపాటి పలకలకు సరిపోయేది, మా కొత్త చిప్పులో వెలుగు సాగే పొర బాగా పల్చన. మాస్టారు అనుమానించింది నన్ను కాదు, తన అంకెనే. కాగితాలు ముందేసుకుని ఏడ్చాను.

ఆయన అంకె కొట్టేసి నాది రాశాను. ఫైలు పంపేశాను. నాదైనా ఒప్పో కాదో చిప్పు వస్తే గానీ తెలియదు.

ఈ పొద్దున ఒక్కదాన్నే కాలువ గట్టు మీదికి వెళ్ళాను. వంతెన వైపు నాలుగడుగులు వేసి, అలవాటుగా ఆగాను.