వెలగకాయ పగలగొట్టే చేయి

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ తలుపు కొట్టి, "అంకుల్, మల్ల వెలగకాయ పడి నా కార్ అద్దం పలిగింది. ఆదివారం మీటింగ్‌ల చెట్టు కొట్టేద్దామంటున్నరు అందరు. మీరు జెర అడ్డం పడకుండ్రి" అని చెప్పి వెళ్ళాడు. నేను బీరువా అడుగు నుంచి నా మొట్టమొదటి డైరీ తీశాను.

మా కార్ఖానా బస్తీని పెంకుటిళ్ళతో చూసినవారికి గుర్తుండే ఉంటుంది, వినాయక చవితి వస్తుందంటే మోండా మార్కెట్‌లో పత్రి పక్కన వెలగకాయలు కుప్పలుగా పోసేవారు. మా నాన్న తెచ్చిన రెండు కాయలు పూజ అయ్యాక నాయనమ్మ చేతికి వచ్చేవి. ఆమె వాటిని ఎండలో పెట్టి మాగబెట్టేది. అడవిలో ఏనుగు ఈ పండును పెంకుతో సహా మింగి, ఎక్కడ పేడ వేస్తే అక్కడ చెట్టు లేస్తుందని ఆమే చెప్పింది. అది విని నేను మాగిన పండొకటి ఎత్తుకెళ్ళి, పగలగొట్టాలని తోచక, అలాగే పెరట్లో పాతి, రోజూ చెంబెడు నీళ్ళు పోసి, డైరీలో "మొలవలేదు" అని రాశాను. వరుసగా నలభై పేజీలు అదే మాట.

చివరికి తవ్వి చూస్తే పెంకు రాయిలా ఉంది, లోపల గుజ్జు కుళ్ళిపోయింది. మన బస్తీకి ఏనుగు ఎప్పుడొస్తుందని నేను ఏడుస్తుంటే నాయనమ్మకు కోపమొచ్చింది. "ఏనుగు లేకుంటే ఏందిరా, నేను లేనా?" అంటూ రెండో పండును రోటికేసి కొట్టి, గుజ్జులో బెల్లం కలిపి నాకు పెట్టి, గింజలు కడిగి, అంట్లు తోమిన నీళ్ళు పారే చోట నాటింది. కొన్నాళ్ళకు నా డైరీలో ఎర్ర సిరాతో ఒకే మాట: "మొలిచింది."

ఆ ఇల్లు పోయి ఈ అపార్ట్‌మెంట్ వచ్చినా, పార్కింగ్ పక్కన నిలబడ్డది ఆ చెట్టే. ఆదివారం మీటింగ్‌కు వెళ్తాను. కాయలు రాలకముందే కోయించే పూచీ, కొమ్మల కింద వల కట్టించే పూచీ నావి. కొట్టడానికి మాత్రం నా సంతకం దొరకదు.

ఇప్పుడు మార్కెట్‌లో ప్లాస్టిక్ వెలగకాయలు కూడా అమ్ముతున్నారు. మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆ పులుపు తెలియదు. నాయనమ్మ లేదు, ఆమె రోలూ లేదు, సుత్తి ఉంది. పొద్దున రాలిన పండును దానితోనే పగలగొట్టి, గింజలు కడిగి, ఖాళీ పాల ప్యాకెట్లలో నాటాను. ఒక ప్యాకెట్ మీద సెక్రటరీ పేరు రాశాను. తర్వాత ఈ ఏటి డైరీ తెరిచి ఈనాటి పేజీలో రాసుకున్నాను: "పదకొండు గింజలు. నేనున్నాను."