మిష్రిఫ్ నుంచి ఇజు తీరానికి: వేడినీళ్ల బసలో రెండు రాత్రులు

మా పెద్ద మామా మోకాళ్ల నొప్పి వల్ల మొదలైన ప్రయాణం ఇది. కువైట్‌లో మిష్రిఫ్‌లోని ఒక ఇంట్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంటావిడను ఇక్కడ మేమంతా మామా అనే పిలుస్తాం కాబట్టి, ఆవిడ తల్లి నాకు పెద్ద మామా. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఆమెను లేపడం, స్నానం చేయించడం, పట్టుకుని నడిపించడం నా పని. జపాన్‌లో సముద్రం ఒడ్డున ముసలివాళ్లు ఆవిరి కక్కే నీళ్లలో మెడదాకా మునిగి కూర్చున్న వీడియో ఒకటి ఎవరో పంపితే, చూసి "నేనూ అట్లా కూర్చోవాలి" అని పట్టుబట్టింది. పైగా లక్ష్మి వస్తేనే వస్తానని మెలిక పెట్టింది. ఆ లక్ష్మిని నేనే. మాది అన్నమయ్య జిల్లాలో పుల్లంపేట దగ్గర. మనవాళ్లలో చాలామంది పనిచేసే ఇంటివాళ్ల వెంట పరదేశాలు తిరుగుతుంటారు గానీ, పోయి వచ్చి ఒక్కరూ ఒక్క ముక్క రాయరు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. ఇంటివాళ్ల వెంట పోయేవాళ్లకూ, సొంతంగా పోదామనుకునేవాళ్లకూ పనికొస్తే సంతోషం.

బయలుదేరే ముందటి శుక్రవారం బస్సులో ఫహాహీల్ వెళ్లి, అక్కడ పనిచేసే రమీజా అక్కను కలిశాను. రాయచోటి మనిషి, మొహమాటం లేదు. "యాడికే, జపానుకా? ఆడ అందురి ముందర గుడ్డలిప్పి నీళ్లలోకి దిగల్లంటనే!" అంది. "నేను దిగన్లే అక్కా. ముసిలామెను దింపి గట్టు మీదుంటా" అన్నాను. "అంత దూరం పోయి గట్టు మీదుంటావా? సిగ్గు పక్కన బెట్టి దిగు. వచ్చినాక ఎట్లుండాదో నాకు చెప్పల్ల" అని పంపింది. వీసాకు మాత్రం ముందే పరిగెత్తండి. నా విషయంలో ఇఖామా, అంటే కువైట్‌లో ఉండనిచ్చే కాగితం, మామా రాసిచ్చిన ఉత్తరం, ఫోటోలు అడిగారు. పాస్‌పోర్టు చేతికి రావడానికి రెండు వారాలు పట్టింది.

మధ్యలో ఒకచోట విమానం మారి, మొత్తం పదహారు గంటలకు మామా, పెద్ద మామా, నేను ముగ్గురం టోక్యోలో దిగాం. ఆ రాత్రి విమానాశ్రయం దగ్గరే పడుకుని, మరుసటి పొద్దున తొమ్మిదిన్నరకు టోక్యో స్టేషన్‌లో బుల్లెట్ రైలెక్కితే ముప్పావు గంటలో అటామి వచ్చింది. మనిషికి నాలుగు వేల యెన్ల పైచిలుకు, అంటే మన తొమ్మిది దినార్లు. అక్కడ చిన్న రైలుకు మారి, మూడు వందల చిల్లర టికెట్‌తో ఇజు తీరం వెంబడి అరగంట లోపు ప్రయాణం. కూర్చుంటే ఎడమవైపు కూర్చోండి, సముద్రం అటే. మా కువైట్ సముద్రం పలచగా, మట్టిరంగు కలిసి ఉంటుంది. ఇక్కడి నీళ్లు ముదురు నీలం, కొండ వచ్చి సరాసరి అందులోకి దిగిపోతుంది. పెద్ద మామా కిటికీకి ముక్కు ఆనించి "మాషల్లా, మాషల్లా" అంటూనే ఉంది.

స్టేషన్ బయట టాక్సీ ఆగగానే, అలవాటు కొద్దీ మామా కోసం వెనక తలుపు తీయబోయాను. తెల్ల చేతితొడుగులు వేసుకున్న డ్రైవరు "నో, నో" అంటూ లోపలినుంచే కంగారుగా చెయ్యి ఊపాడు. తలుపు దానంతట అదే తెరుచుకుంది. ఇక్కడ టాక్సీలన్నీ అంతేనట. పదకొండేళ్లుగా నేను చేసే పని ఒకటి నా చేతిలోంచి అలా జారిపోయింది. మామా నవ్వింది. నేను నవ్వలేదు, నాకేదో వెలితిగా అనిపించింది.

మేం దిగినది పాతకాలపు పద్ధతిలో నడిచే బస. ర్యోకాన్ అంటారు. రెండు పూటలా భోజనంతో మనిషికి రాత్రికి ఇరవై ఏడు వేల యెన్లు. అంటే రెండు రాత్రులకు నా నెల జీతం దాదాపు సరి. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ గుమ్మంలో చెప్పులు విడవడానికే భయం వేసింది. గదులు మధ్యాహ్నం మూడింటికి ఇస్తారు. నేలంతా గడ్డి చాపలు పరిచి ఉంటాయి, వాటి మీద చెప్పులు వేయకూడదు. మంచాలుండవు. మధ్యలో కాగితపు తలుపు జరిపితే మామాది ఒక గది, నాదీ పెద్ద మామాదీ ఒక గది. మా గదులు చూసుకునే ఆవిడ సచికో గారు. అరవై దాటి ఉంటాయి, పొట్టి మనిషి, నలభై ఏళ్లుగా ఇదే పనిలో ఉందట. మోకాళ్ల మీద కూర్చుని మా ముగ్గురికీ ఒకేలాంటి కప్పుల్లో టీ పోసింది. ముగ్గురికీ ఒకేలాంటి నూలు అంగీలు ఇచ్చింది. నేను కుడి అంచు పైకి వచ్చేలా కట్టుకుంటే గబగబా వచ్చి విప్పి, ఎడమ అంచు పైకి వేసి కట్టింది. అట్లా తిరగేసి కట్టేది చనిపోయినవాళ్లకేనట. ఆవిడ ఫోన్ పట్టుకుని జపాన్ భాషలో మాట్లాడితే అది తెలుగులో పలుకుతుంది. నన్ను "అతిథి గారూ" అంది. ఎవరి గురించో అనుకుని వెనక్కి చూశాను.

సాయంత్రం నలుగురితో కలిసి స్నానం చేయడం మామాకు ఇష్టం లేక, నలభై ఐదు నిమిషాలకు మూడు వేల యెన్లు కట్టి విడి స్నానపు గది తీసుకుంది. లోపల దేవదారు కర్ర తొట్టి, ఎదురుగా కిటికీ, కిటికీ నిండా సముద్రం. ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లు శుభ్రంగా కడుక్కుని, ఆ తర్వాతే నీళ్లలోకి దిగాలి. తొట్టిలో సబ్బు కలవకూడదు. పెద్ద మామాను దించాక గట్టు మీద నిలబడ్డాను. "యల్లా, నువ్వూ దిగు. నిన్నెవరు చూస్తారిక్కడ?" అని గదిమింది. దిగాను. మొదట కాళ్లు చుర్రుమన్నాయి, తర్వాత నడుములో ఎన్నేళ్లనుంచో ఉన్న బరువేదో కరిగి కిందికి జారింది. హాయిగా ఉందని చెప్పడానికి సిగ్గెందుకు, చాలా హాయిగా ఉంది. ఆమె కళ్లు మూసుకుని, తన చిన్నప్పుడు పోటు వస్తే సముద్రం ఇంటి గోడ దాకా వచ్చేదని చెప్పింది.

భోజనం ఆరింటికి. పంది మాంసం, మద్యం తగలకూడదని ముందే రాశాం కాబట్టి వంటమనిషి స్వయంగా వచ్చి, వంటలో వాడిన సాస్ సీసాలు తెచ్చి ఒక్కొక్కటే చూపించాడు. "ఇందులో లేదు, ఇందులో లేదు" అని ఫోన్‌లో చెప్పించి, కాల్చిన చేప పెద్ద మామా ముందు పెట్టి, ఆమె మొదటి ముద్ద మింగేదాకా నిలబడ్డాడు. నేను పచ్చి చేప జోలికి పోలేదు. అన్నంలోకి నా ఎర్రకారం పొట్లం నాకుంది. తిరిగి గదికి వచ్చేసరికి పరుపులు పరిచి ఉన్నాయి. పెద్ద మామాకు లేవడం తేలికగా ఉండాలని రెండు ఒకదాని మీద ఒకటి వేశారు. నాకూ ఒకటి పరిచారు.

తప్పు జరిగింది మరుసటి పొద్దున. మిష్రిఫ్‌లో లాగే ఐదింటికి మెలకువ వచ్చింది. ఎనిమిదింటికి ఇద్దరినీ ఫలహారానికి పంపి, ఇప్పుడే వస్తానని వెనక ఉండిపోయాను. అన్ని పరుపులూ మడిచి అల్మరాలో పేర్చాను. దుప్పట్లు నాలుగు మడతలు వేశాను. టీ కప్పులు కడిగి బోర్లించాను. చెత్తబుట్ట ఖాళీ చేశాను. చాపలు తడిగుడ్డతో తుడిచాను. పావుగంటలో రెండు గదులు అద్దంలా పెట్టి, తృప్తిగా కిందికి వెళ్లాను. మనవాళ్లెవరైనా ఇదే చేస్తారు, నాకు తెలుసు.

తిరిగి వచ్చేసరికి సచికో గారు గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు లేదు. పక్కన ఆ బస యజమానురాలు. మమ్మల్ని చూడగానే ఇద్దరూ నుదురు నేలకు తగిలేలా వంగారు. యజమానురాలి ఫోన్ ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పింది: "మా సేవలో ఏ లోపం జరిగింది? అతిథి గారే గది శుభ్రం చేసుకోవలసి వచ్చింది. క్షమించండి. ఈవిడకు వయసైంది, పని నెమ్మదించింది. వచ్చే నెలనుంచి వంటింట్లో గిన్నెలు తోమే పనికి మారుద్దామని ముందే అనుకున్నాం. మీ గదికి ఈరోజే వేరే మనిషిని పంపుతాం."

ఆవిడ నలభై ఏళ్ల పనిని పావుగంటలో తుడిచిపెట్టేశాను. మామా సర్దబోయింది. "అదేం లేదు. లక్ష్మి మా ఇంటి మనిషిలాంటిది. ఊరికే ఉండలేదు, అంతే" అని ఇంగ్లీషులో అంది. పదకొండేళ్లుగా వింటున్న మాటే అది. ఇంటి మనిషి ఇంట్లో అందరికంటే ముందు ఎందుకు లేస్తుందో ఎవరూ అడగరు. యజమానురాలికి ఆ జవాబు చాల్లేదు, ఇంకా వంగే ఉంది. ఇక నేనే చెప్పాలి. కానీ చెబితే, నిన్నటినుంచి నన్ను అతిథి గారూ అని పిలుస్తున్న ఆ ఇద్దరికీ నేనెవరో తెలిసిపోతుంది. ఒక్క క్షణం ఆ పిలుపు మీద ఆశ పడ్డాను. దాచుకోను.

ఫోన్ తీసుకుని తెలుగులోనే చెప్పాను. "అమ్మా, ఈమె పనిలో ఏ లోపమూ లేదు. నేను అతిథిని కాను. వీళ్లింట్లో పనిమనిషిని. పరుపు కనిపిస్తే మడుస్తాను, కప్పు కనిపిస్తే కడుగుతాను. నా చేతులకు వేరే తెలియదు. తప్పు నాది. ఈమెను మార్చొద్దు."

ఫోన్‌లోని గొంతు అదంతా జపాన్ భాషలో చెప్పింది. సచికో గారు తలెత్తి నా వైపు కాదు, నా చేతుల వైపు చూసింది. తర్వాత తన ఫోన్‌లో మెల్లగా అంది: "నేనూ అంతే. మా ఇంట్లో నా పరుపు ఎవరూ పరవరు." యజమానురాలు ఫోన్ దగ్గరికి తీసుకుని, "మా పుస్తకంలో ఈ గదులకు ముగ్గురు అతిథులని రాసి ఉంది. రాసింది మార్చం. ఈరోజుకు సచికోనే ఉంటుంది. సాయంత్రం పడక వేసేటప్పుడు నేను వచ్చి చూస్తాను" అంది. మామా నా చెయ్యి పట్టుకుని "ఏం చెప్పావు?" అని అడిగింది. "మీ ఇంట్లో పనిమనిషినని చెప్పాను మామా" అన్నాను అరబీలో. ఆమె నా చెయ్యి వదిలింది.

ఆ రోజు సముద్రం ఒడ్డున నడవడానికి వెళ్లాం. ఒడ్డు వెంబడి దారి చదునుగా ఉంటుంది, చక్రాల కుర్చీ సుళువుగా పోతుంది, అద్దెకు బసలోనే ఇస్తారు. ఎండుచేపల దుకాణాలు చూశాం. నా మనసంతా సాయంత్రం మీదే ఉంది.

పెద్ద మామా అలిసిపోయిందని ఆ పూట భోజనం గదికే తెప్పించారు. ఏడున్నరకు బల్ల తీసేసి సచికో గారు అల్మరా తెరిచింది. యజమానురాలు గుమ్మం పక్కన నిలబడింది. మొదటి పరుపు ఎత్తినప్పుడు సచికో గారి మోకాలు టక్కుమంది. నేను సగం లేచాను. పెద్ద మామా నా మణికట్టు గట్టిగా పట్టుకుని కిందికి లాగింది. పగలు నేను చెబితే విషయం ఆమెకు మొత్తం అర్థమైంది. నేను ఒక్క అంచు పట్టుకున్నా ఆవిడ రేపటినుంచి గిన్నెల దగ్గర ఉంటుంది. అట్లా కూర్చుని చూడడం ఎంత కష్టమో చెప్పలేను. మూడో పరుపు నాది. దాని దుప్పటి ఒక మూల సరిగ్గా పడక రెండుసార్లు విప్పి మళ్లీ దోపింది. చెమట పట్టింది. కానీ చివరికి ఎక్కడా ఒక్క ముడత లేదు, నేను కూడా అంత నున్నగా వేయలేను. దిండు పెట్టి, నా వైపు తిరిగి వంగింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మా అమ్మ పోయినాక నాకోసం పక్క వేసిన మనిషి లేదు. యజమానురాలు తలుపు మెల్లగా జరిపి వెళ్లిపోయింది.

మరుసటి పొద్దున పదింటికి గది ఖాళీ చేయాలి. టీ తెచ్చినప్పుడు సచికో గారు ఫోన్‌లో ఒక్క వాక్యం చెప్పింది: "వసంతం దాకా గదుల్లోనే ఉండమన్నారు." ఆ తర్వాత సంగతి ఆవిడకూ తెలియదు. పెద్ద మామాకు అంగీ మార్చి, పెట్టెలు గుమ్మంలో పెట్టి వెనక్కి చూశాను. నా పరుపు నలిగి, దుప్పటి ఒక పక్కకు జారి, నేను పడుకున్న గుంట అట్లాగే కనిపిస్తోంది. తలుపు వేసి వచ్చేశాను.

తిరిగొచ్చి నెల దాటింది. పెద్ద మామా మోకాళ్లు రెండు వారాలు బాగున్నాయి, మళ్లీ నొప్పి మొదలైంది. వేడినీళ్లు మందు కాదు, ఆశలు పెట్టుకుని పోకండి. మిష్రిఫ్‌లో ఐదింటికే లేస్తున్నాను, అన్ని పరుపులూ మడుస్తున్నాను, అది మారుతుందని నేనూ అనుకోలేదు. కానీ ఒకటి తెలిసింది. సాయం చేయడం అంటే ఎప్పుడూ అవతలివాళ్ల చేతిలో పని లాక్కోవడం అనుకునేదాన్ని. ఆ పని మీదే ఆ మనిషి పరువు నిలబడి ఉంటుందని, నా పని మీద నా పరువు నిలబడి ఉన్నా కూడా నాకు ఎప్పుడూ తట్టలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. అక్కడ పొద్దున లేచాక పరుపు మడవకండి, చాప మీద తడిగుడ్డ అసలే పెట్టకండి, చాప పాడవుతుంది. దుప్పటి కాస్త పక్కకు తోసి స్నానానికి వెళ్లిపోండి. మొదటి రోజు మనసు ఒప్పదు. రెండో రోజుకు ఒప్పుతుంది.