నాన్న పాళీ, సైనైడ్ దిబ్బ ఇసుక

మొన్న రాబర్ట్‌సన్‌పేటలో సిరాబుడ్డి అడిగితే, అంగడాయన స్టాంపు ప్యాడ్‌కు పోసే సీసా చేతిలో పెట్టాడు. ఇది పోస్తే పెన్ను గొంతు పూడుకుపోతుందని తగువు వేసుకున్నాను. "ఇంగ సిరా యాడ దొరుకుతాదమ్మా? జెల్ పెన్ను తీసుకోండి, అయిపోతే పారేయండి" అన్నాడు. పారేసే అలవాటు నీకుంటే నాకెందుకప్పా అంటిస్తావు అని వచ్చేశానే గాని, అప్పటినుంచి ఇంట్లో ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

మా నాన్న అక్కడి బంగారు గనిలో టైమ్‌కీపరు, కూలీలు దిగే వేళా ఎక్కే వేళా రాసుకునే పని. ఉద్యోగంలో చేరినప్పుడు కొన్న నల్ల పెన్ను ఒకటి ఉండేది. అంగట్లో ఉన్న పెన్నులన్నీ బొటనవేలి గోటిమీద గీసి చూసి, గీరకుండా జారినదాన్నే తెచ్చుకున్నారట. ఆదివారం పూట దాని స్నానం పెద్ద తతంగం. బోరునీళ్ళ ఉప్పు పేరుకుంటుందని, వానలో పట్టి ఉంచిన నీళ్ళు గోరువెచ్చగా చేసి, పాళీనీ దాని కింది నాలుకనూ విడదీసి కడిగి, పాత పంచెగుడ్డతో తుడిచి, ఆరాక ఫిల్లరుతో చుక్కచుక్కగా సిరా పోసి, మరలకు కాస్త కొవ్వొత్తి మైనం రాసి బిగించేవారు. గని కూలీలకు వరసగా కట్టిచ్చిన మా లైనిళ్ళలో ఎవరు ఊరికి ఉత్తరం రాయించుకోవాలన్నా ఆ పెన్నే. నంగలిలో ఉండే మా మేనత్త, కవరు మీది అక్షరాల వాలు చూసే అన్న రాశాడని గుర్తుపట్టేది.

పదో తరగతి పరీక్షలకు నాన్న ఆ పెన్ను నాకిచ్చారు. నా చేతిలో అది కరకరమని గీరింది. పాళీయే బాగాలేదని వాదించాను. "అది నా చేతికి అరిగుండాదమ్మా. నెల దినాలు ఓపిగ్గా రాయి, నీ చెయ్యీ నేర్చుకుంటాది" అన్నారు. ఓపికా, నాకా! గని రాళ్ళను పిండిచేసి సైనైడుతో బంగారం లాగేశాక పారబోసిన సైనైడ్ దిబ్బ మా వీధి చివరే ఉండేది. బంగారు రంగు పాళీకి, బంగారం తీసిన రాతిపొడి కంటే సరిపడేది ఇంకేముంటుందని నా తెలివి. గుప్పెడు ఇసుక తెచ్చి, అద్దం ముక్క మీద చల్లి, మధ్యాహ్నమంతా పాళీని రుద్దాను. మొదట నున్నగా జారింది, గెలిచాననుకున్నాను. అంతలోనే మొనకు అతికించి ఉండే గట్టి లోహపు చిన్న గింజ ఊడిపోయి, పాళీ రెండుగా విచ్చుకుని, కాగితమంతా సిరా కక్కింది.

అమ్మ "మీ నాయన చెయ్యి విరిచినట్ల చేస్తివి గదే!" అని నెత్తి కొట్టుకుంది. నాన్న మాత్రం తిట్టలేదు. పెన్నును వెలుతురులో తిప్పి చూసి, మర్నాడు కొత్త పాళీ వేయించి తెచ్చి నాకే ఇచ్చారు. "ఇది ఎవురి చెయ్యీ ఎరగదు, నీకు బాగుంటాది" అన్నారు. తాను బాల్‌పెన్నుకు మారిపోయారు. దాంతో రాసిన మొదటి ఉత్తరం అందుకున్నాక మా ఇంటికి వచ్చిన మేనత్త, భోజనాల దగ్గర "ఉత్తరం ఎవురితో రాయిస్తివన్నా? నీ చెయ్యి కాదే అది" అని అడిగితే, నవ్వి ఆమె కంచంలో ఇంకాస్త కూర వడ్డించారు. నేను కంచం ముందునుంచి లేచిపోయాను.

ఆయన తిట్టి ఉంటే నేను నాలుగు మాటలు ఎదురు చెప్పి ఆనాడే మరిచిపోయేదాన్ని. ఆ తర్వాత ఎంతమందితో వాదించి నెగ్గానో లెక్కలేదు. ఈ ఒక్క తగువుకే అవతలి మనిషి రాలేదు. ఇప్పుడు గని లేదు, నాన్న లేరు. మేనత్త దాచిన ఉత్తరాల కట్ట నా దగ్గరికి చేరింది. నేటి పెన్నులు ఎవరి చేతికీ అరగవు, కాబట్టి ఒకరిది ఒకరు పాడుచేసే బాధ లేదు. అదీ ఒక సుఖమేననుకోండి. ఆ కట్ట విప్పినప్పుడు, లావుగా దిగి సన్నగా తిరిగే అక్షరాలున్న ఉత్తరాలన్నీ చదువుతాను. గీతలన్నీ ఒకే మందంగా మారిపోయిన ఆ మొదటి ఉత్తరం దగ్గరికి వచ్చాక, ఇన్నేళ్ళయినా, నా చేయి ముందుకు సాగదు.