బర్రెలు పొర్లే జాగా

2007 వేసవి. అప్పటికి భద్రాచలంలో ఒక ఇంజనీరు గారి దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి రెండేళ్లయింది. ఆడపిల్లనైనా ఉద్యోగం పేరు అదే. రోజంతా బల్ల ముందు తల వంచుకుని గీతలు గీయడం, ఎవరితోనూ మాట్లాడే అవసరం లేకపోవడం నాకు హాయిగా ఉండేది. చెప్పాలనిపించిన మాటలు ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని.

బూర్గంపాడు వైపు గోదావరి ఒడ్డున ఉన్న ఒక గూడెం కిందటేడు వరదలో మునిగింది. అక్కడి నలభై రెండు ఇళ్లకు రోడ్డు పక్క మెట్ట మీద కొత్త కాలనీ మంజూరైంది. దాని లేఅవుట్, అంటే ఏ ఇల్లు ఎక్కడ, ఏ వీధి ఎటు అని చూపే పటం, మేం తయారు చేయాలి. వానలకు ముందే పునాదులు లేవాలి.

లెవెల్స్ తీయడానికి నేనే వెళ్లాను. డంపీ లెవెల్ అనే దుర్భిణి లాంటి పరికరంలోంచి, దూరంగా నిలబెట్టిన కొలబద్ద మీది అంకెలు చదివి నేల ఎత్తుపల్లాలు లెక్కగడతాం. స్థలం నడుమ కంప దట్టంగా ఉంది. అక్కడ దూరలేక, రెండు వైపుల అంకెలు చూసి మధ్యవి అంచనాగా వేసేశాను. కాగితం మీద నేల చదునుగా వచ్చింది. నలభై రెండు ప్లాట్లు, అన్నీ ముప్పై అడుగుల వీధులు. సార్ మెచ్చుకున్నారు.

సార్‌కి ఒక పద్ధతి ఉంది. పటాన్ని ఇంకులో గీయించే ముందు నేల మీద సున్నంతో గీయించి, అక్కడ ఉండబోయేవాళ్లకు చూపిస్తారు. కంప కొట్టించి సున్నం పోశాం. గూడెం ఆడవాళ్లు ఆ గీతల మధ్యే కాపురాలు మొదలుపెట్టారు.

"గిది నా పొయ్యి."

"ఏందే, నీ పొగ మా మంచం మీదికే వస్తది. అటు జరుపు!"

నర్సమ్మ అనే లావుపాటి ఆవిడ మాత్రం తన ప్లాటులో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. చిన్నప్పటి నుంచి ఆ మెట్ట మీదే పశువుల్ని మేపిన మనిషి.

"సారూ, మా బర్రెలు పొర్లే జాగల నాకు ఇల్లిస్తరా?"

"చదునుగానే ఉంది కదమ్మా," అన్నారు సార్.

"ఇప్పుడు గట్లనే కనవడ్తది. నాలుగు వానలు పడనియ్యి, బర్రెలు ఈడ పండుకుంటే మూతులే కనవడ్తయ్. ఒకపారి మునిగినం. మళ్ల మునగనీకి కొత్తిల్లెందుకు?"

సార్ నా వైపు తిరిగారు. "నీ రీడింగ్స్ ఏమంటున్నాయి?"

చదునే అంటే చాలు, మాట అక్కడితో ముగిసేది. ఆ గుంటలోనే ఇళ్లు లేచేవి.

"మధ్యలో నేను తీయలేదు సార్. కంప ఉందని అంచనాగా వేశాను."

సార్ ముఖం ఎర్రబడింది. లెవెల్ బిగించమన్నారు. కొలబద్ద నర్సమ్మే పట్టుకుని, తనకు గుర్తున్న అంచు వెంట ఒక్కోచోట నిలబడుతూ పోయింది. కంటికి ఆనని వాలు అది. నడిమధ్యకు వచ్చేసరికి రెండడుగుల పల్లం. ఆరు ప్లాట్లు అందులోనే ఉన్నాయి.

"ఉన్న జాగా ఇంతే. ఆరిళ్లు ఎవరివి తీసెయ్యను?" అన్నారు సార్.

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు నర్సమ్మ కోడలు ముందుకొచ్చింది.

"బాటలన్నీ గింత ఎడల్పెందుకు సారూ? మాకేమన్న లారీలున్నయా? మా అత్త నడిచినా ఇరవై అడుగులు చాలు."

"నోరు ముయ్యే!" అంది నర్సమ్మ, అందరికంటే గట్టిగా నవ్వుతూ.

ఎడ్లబండి తెప్పించి ఇరవై అడుగుల్లో తిప్పి చూశారు. తిరిగింది. రోడ్డు నుంచి లోపలికి వచ్చే పెద్ద వీధి ఒక్కటే ముప్పై అడుగులు ఉంచి, మిగతా గీతలన్నీ ఆడవాళ్లు కాళ్లతో చెరిపేశారు. చాటల్లో సున్నం పట్టుకుని వాళ్లే పోస్తుంటే, నేను టేపుతో కొలుస్తూ వెనక పరుగెత్తాను. వీధుల్లో మిగిలిన జాగా కలిసొచ్చి, పొద్దు వాలేసరికి నలభై రెండు ఇళ్లూ మెరక నేల మీద కూర్చున్నాయి. పల్లాన్ని పశువులకు వదిలేశారు.

వానలు పడ్డాక వెళ్లి చూశాను. గుంట నిండా నీళ్లు. దాని చుట్టూ ఒక్క పునాది కూడా మునగకుండా గోడలు లేస్తున్నాయి. సగం లేచిన గోడ మీంచి నర్సమ్మ కేకేసింది.

"చూస్తివా బిడ్డా! రా, చాయ్ తాగిపో. జల్దీ ఏం లేదు గదా?"

కొలవని చోట అంకె వేయకూడదని కాలేజీలోనే చెప్పారు. ఆ నేల మీద బతికినవాళ్ల జ్ఞాపకం కూడా ఒక కొలతేనని నర్సమ్మ దగ్గర నేర్చుకున్నాను.

ప్రతి పటం కింది మూలలో 'గీసినవారు' అని ఒక గడి ఉంటుంది. ఆ లేఅవుట్‌ను ఇంకులో పూర్తి చేసిన రోజున అందులో 'నర్సమ్మ, ఆమె కోడలు, గూడెం ఆడవాళ్లు' అని రాసి, కింద చిన్నగా నా పేరు పెట్టాను. సార్ కళ్లద్దాలు సవరించుకుని ఆ గడిని రెండుసార్లు చదివారు. పక్కన సంతకం చేశారు.