గళ్ళలో నాన్న పేరు

నా పని గళ్ళలో తెలుగు అక్షరాలు దిద్దడం. బస్సుల ముందు ఎర్రగా వెలిగే బోర్డులకి, పాతకాలపు తీరులో చేసే ఫోన్ ఆటలకి కావాల్సిన చుక్కల అక్షరాలు నరసాపురంలో మా ఇంట్లోనే కూర్చుని చేస్తాను. మన గుండ్రటి అక్షరాన్ని పదహారు గళ్ళ ఎత్తులో కూర్చోబెట్టి, కింద ఒత్తుకి చోటు మిగల్చాలంటే ప్రాణం విసిగిపోతుంది. అమ్మ నవ్వేది. "ఇందుకా నీకంత చదువు? నేను చిన్నప్పట్నుంచీ చేస్తున్నదీ ఇదేగా" అనేది. నిజమే. అమ్మ లేసు అల్లేది. దారంతో గడి నింపడమో, ఖాళీగా వదిలేయడమో. పువ్వైనా నెమలైనా అంతే.

నాన్న వేటకెళ్ళి సముద్రంలో పోయాడు. శవం కూడా దొరకలేదు. అమ్మకి మిగిలింది గోడ మీద ఫొటో ఒక్కటే. తర్వాత షుగరుతో ఆమె చూపు తగ్గుతూ వచ్చింది. ఉన్న కాస్త చూపూ నిలవదని డాక్టరుగారు చెప్పేశారు. ఇంటికొచ్చాక అమ్మ ఒక్కటే అడిగింది.

"ఫొటో కింద వేలాడదీయడానికి మీ నాన్న పేరు అల్లాలే. కళ్ళుండగా ఒక్కసారి చూసుకోవాలి. గళ్ళు నువ్వు చెప్పు."

కాగితం మీద గళ్ళు ఆమె కంటికి అప్పటికే ఆనడం లేదు. అందుకని నేను పేరుని కంప్యూటర్లో దిద్ది, స్క్రీన్ చూస్తూ కింది వరస నుంచి చదివాను. రెండు నిండు, ఒకటి ఖాళీ, మూడు నిండు. ప్రతి వరసా ఎడమ నుంచి కుడికి. సూది ఆడుతుంటే చాలాకాలానికి ఆమె మొహంలో కళ చూశాను. పేరు పూర్తయ్యేసరికి వానలు మొదలయ్యాయి. అమ్మ దాన్ని కళ్ళకి ఆనించి చూసింది. ఆనక వేలితో తడిమింది.

"ఇది మీ నాన్న పేరు కాదే."

అది ఎవరి పేరూ కాదు. లేసు అల్లేవాళ్ళు వరస చివర పనిని తిప్పి, వచ్చిన దారినే వెనక్కి అల్లుకొస్తారు. పుట్టినప్పట్నుంచీ అది చూస్తూ పెరిగినదాన్ని, స్క్రీన్ అలవాటులో పడి మరిచిపోయాను. వరస విడిచి వరస కుడీ ఎడమా తారుమారైపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఊళ్ళో బస్సులన్నిటి మీదా అక్షరాలు నావే, ఇంట్లో ఒక్క పేరు రాయించలేకపోయాను. నా మీద నాకే రోత పుట్టింది. అమ్మ దారం కొస వెతికి లాగడం మొదలుపెట్టింది.

మళ్ళీ అల్లాం. ఈసారి వరస వరసకీ దిక్కు మార్చి చదివాను. చివరి ముడి వేసేనాటికి అమ్మకి పగలూ రాత్రీ ఒకటైపోయాయి. వేలితో ఒక్కో అక్షరం తడుముతూ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చింది.

స్టూలెక్కి, ఫొటో కింద కట్టడానికి ఇమ్మని చెయ్యి చాపాను. అమ్మ ఇవ్వలేదు.

"ఫొటో నువ్వు ఉంచుకో, నీకు కనిపిస్తుంది" అంది. "ఇది నాకుండనీ."